మా అత్త నవ్వూ, మామయ్య చేసిన చెక్కా

మా అత్త నవ్వు గురించి నేను పెళ్లికి ముందే విన్నాను. మా ఆయన నాతో మాట్లాడిన మొదటి పది మాటల్లో అదొకటి. "మా అమ్మ నవ్విందంటే పక్క గదిలో కుట్టుమిషన్లు ఆగిపోతాయి" అన్నాడు. కొడుకులు తల్లుల గురించి కోతలు కోస్తారు, సగం తీసేసి వినాలి అనుకుని ఊరుకున్నాను. తర్వాత అదే బట్టల కార్ఖానాలో నాకూ పని దొరికింది. అక్కడ అందరిదీ అదే మాట. గేటు దగ్గర కాపలా మనిషి చెప్పాడు, బొత్తాలు కుట్టే ముసలామె చెప్పింది, ఎవరితోనూ పనికిమాలిన మాట మాట్లాడని కటింగ్ మాస్టరు కూడా చెప్పాడు. అందరూ చెప్పారు గానీ ఆ నవ్వు మాత్రం నాకు వినపడలేదు. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి ఏడాదిన్నర పాటు మా అత్త నవ్వలేదు.

ఇక జనం ఏమనుకుంటారో మీకు చెప్పాలా? "కోడలు వచ్చింది, అత్త నవ్వు పోయింది." నా ముందు అనేవాళ్లు కాదు. నేను నీళ్లు తాగడానికి వెళ్లినప్పుడు నా వీపు విని ఊరుకునేది. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అని పెద్దవాళ్లు ఊరికే అన్నారా అనేదొకావిడ. నాకు ఒళ్లు మండేది. నేనేం చేశానని? వంటింట్లో ఆవిడ గిన్నెలు ఆవిడవి, నా గిన్నెలు నావి అని కూడా ఎప్పుడూ అనలేదు. పైగా మా అత్త నాతో మంచిగానే ఉండేది. మంచిగా ఉంటూ నవ్వని మనిషితో వేగడం ఎంత కష్టమో వేగినవాళ్లకే తెలుస్తుంది.

ముందు మా అత్త సంగతి చెప్పాలి. ఆవిడ ఎత్తు నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. అందులో తొమ్మిదో అంగుళం జడముడిదని మామయ్య, కాదు నాదేనని ఆవిడ, పాతికేళ్లుగా తగువులాడుకుంటున్నారు. చేసే పని బట్ట పరవడం. కత్తిరించే ముందు తానులోని బట్టని పొడవాటి బల్ల మీద పొర మీద పొరగా పరవాలి. నలభై, యాభై, ఒక్కోసారి ఎనభై పొరలు. ఒక్క పొరలో ముడత ఉన్నా, అంచు వేలెడు జారినా, కత్తి పడ్డాక ఎనభై చొక్కాలకీ ఒక చెయ్యి పొట్టి. ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు తాను దగ్గర కదలకుండా నిలబడి అంచు సరిచేసి, క్లిప్పు బిగించి, కోసి వదులుతారు. రెండోవాళ్లు బట్ట కొస పట్టుకుని బల్ల ఆ చివరికి నడిచి అక్కడ క్లిప్పు పెడతారు. ఇద్దరూ ఒకేసారి లాగితేనే ముడత పోతుంది. నడిచేది పొడుగు పిన్ని, నిలబడేది మా అత్త. పరిచిన బట్ట మీద చాక్‌తో గీతలు గీసేది నేను.

పొడుగు పిన్నికీ మా అత్తకీ చుట్టరికం ఏమీ లేదు. అయినా ఇరవై రెండేళ్లుగా ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటారు. పిన్ని తాడిచెట్టంత మనిషి, నోరు అంతకంటే పొడుగు. మాస్టరు ముక్కు ఎగబీల్చడం, కాపలా మనిషి కునికిపాట్లు, ఆఖరికి తన మొగుడు గురక పెడుతూ మధ్యలో "ఆఁ, వింటున్నా" అనడం, అన్నీ చేసి చూపిస్తుంది. ఆవిడ ఆ చివర చేసి చూపిస్తుంటే ఈ చివర మా అత్త నవ్వేదట. ఆ నవ్వు కోసమే పిన్ని కొత్తవి పోగుచేసుకుని వచ్చేదట.

ఇప్పుడు చెక్క సంగతి. ఆ బల్లలు చేసినవాడెవడో తన నడుము కొలుచుకుని చేసి ఉంటాడు. మా అత్తకి అవి గుండెల దాకా వస్తాయి. పనిలో చేరిన కొత్తలో ఆవిడ సాయంత్రానికి భుజాలు పట్టుకుపోయి ఇంటికొచ్చేది. మామయ్య వడ్రంగి. చూసి చూసి ఒక ఆదివారం కూర్చుని వాలు చెక్క చేశాడు. మడమల వైపు బెత్తెడు ఎత్తు, వేళ్ల వైపు పలచన. దాని మీద ఎక్కితే మనిషి తనంతట తానే బల్ల మీదకి వాలుతుంది, చెయ్యి బట్ట మధ్యదాకా అందుతుంది. మంచి టేకు. జారకుండా అడుగున రబ్బరు ముక్కలు కూడా కొట్టాడు. మామయ్య నోటితో ప్రేమ చెప్పే రకం కాదు, చెక్కతో చెప్పాడు. ఇరవై రెండేళ్లలో ఆ చెక్క మీద మా అత్త మడమలు రెండు గుంటలు చేశాయి. అది చూసి కార్ఖానాలో ఇంకో ముగ్గురు పొట్టివాళ్లు కూడా అలాంటివే చేయించుకున్నారు.

ఏడాదిన్నరగా పిన్ని ఏం చెప్పినా మా అత్త పెదవులు బిగించేది. తల పక్కకి తిప్పేది. మరీ నవ్వు వచ్చేట్టుంటే "ఊరుకో వదినా, నవ్వు నాలుగు విధాల చేటు" అనేసి బాత్రూమ్ వైపు నడిచేది. మొదట్లో పిన్ని ఇంకాస్త గట్టిగా చేసి చూపించేది. తర్వాత తర్వాత తగ్గించింది. ఒకరోజు టీ గ్లాసు పట్టుకుని నా పక్కన నిలబడి, "మీ అత్త పెద్దదైపోయిందే అమ్మాయ్. అత్తగారయ్యాక నా కోతివేషాలు చిన్నతనంగా ఉన్నట్టున్నాయి" అంది. నవ్వుతూనే అంది గానీ గ్లాసులో టీ చల్లారిపోయింది, తాగలేదు.

ఆ వారమే కార్ఖానావాళ్లు రెండు వీధుల అవతల కొత్త భవనం కడుతున్నామనీ, నాలుగు నెలల్లో తెరుస్తామనీ, పని తెలిసిన పాతవాళ్లు కొందరు అక్కడికి కావాలనీ చెప్పారు. మొదటి పేరు పొడుగు పిన్నిది. ఎవరూ అడగకుండానే ఇచ్చింది. ఆ మాట వినగానే మా అత్త క్లిప్పు బట్టకి బదులు తన వేలికే బిగించుకుంది. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ, "పోనీలే, దానికి అక్కడ గాలీ వెలుతురూ బాగుంటాయి" అంది.

నాకు పిన్ని మీద కోపం, అత్త మీద కోపం, నా వీపు వెనక గొణిగేవాళ్ల మీద మరీ కోపం. అలాంటి కోపంలో ఉండగా ఒక మధ్యాహ్నం నా చాక్ అయిపోయింది. అత్త సంచిలో ఎప్పుడూ ఒకటి ఉంటుంది కదా అని చెయ్యి పెట్టాను. చాక్ డబ్బా కింద మెత్తగా ఏదో తగిలింది. తీసి చూద్దును కదా, తెల్లటి నూలు గుడ్డలు. కత్తిరింపుల్లో మిగిలినవి. నాలుగేసి పొరలు వేసి, అంచులు లోపలికి మడిచి, కంటికి కనపడనంత సన్నటి కుట్టు వేసి ఉన్నాయి. మొత్తం పద్దెనిమిది.

నాకు విషయం అర్థమైపోయింది. అంటే అర్థమైపోయిందనుకున్నాను. పుట్టబోయే మనవడికి పొత్తిగుడ్డలు! పుట్టబోతున్నాడని నాకే తెలియని మనవడికి! ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని సామెత ఉంది గానీ, ఆ సామెతని పట్టుకుని పద్దెనిమిది గుడ్డలు కుట్టేవాళ్లని అప్పుడే చూశాను. ఇదన్నమాట ఏడాదిన్నర మౌనం. కోడలు ఇంకా కనలేదని!

ఇంటికి రాగానే వంటింట్లో ఆ గుడ్డలన్నీ బల్ల మీద పెట్టాను.

"ఎవరికత్తయ్యా ఇవి?"

ఆవిడ మొహం పాలిపోయింది. "ఇలా ఇచ్చెయ్యి" అంది.

"ఇస్తాను గానీ ఒక్క మాట. నాకింకా ఏమీ లేదు. ఉంటే ముందు మీకే చెప్తాను. అప్పుడే పద్దెనిమిదా? ఎంతమందిని కనమంటారు నన్ను? బల్ల మీద పొరలు వేసినట్టు వేస్తారా పిల్లల్ని?"

మా అత్త పెదవులు వణికాయి. ఏడుస్తోందనుకున్నాను. కానీ ఏడుపు కాదది. బుగ్గలు ఉబ్బాయి, భుజాలు కదిలాయి, ముక్కులోంచి చిన్న చప్పుడు కూడా వచ్చింది. అంతలోనే మోకాళ్లు రెండూ దగ్గరికి నొక్కి, బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. మొహంలో నవ్వు వెలిగినంతసేపట్లోనే ఆరిపోయింది. పైనున్న గుడ్డ ఒకటి తీసుకుని బాత్రూమ్‌లోకి వెళ్లింది. తిరిగొచ్చేటప్పటికి బట్టలు మార్చుకుని ఉంది.

"నీ పిల్లలకి కాదే అవి" అంది. "నాకు."

అప్పుడు చెప్పింది. మూడో కాన్పు అయినప్పటి నుంచీ దగ్గినా తుమ్మినా ఒక చుక్క జారేదట. పట్టించుకోలేదు. మా పెళ్లినాటికి నెల్లాళ్లు దగ్గు పట్టింది కదా, అప్పటి నుంచి చుక్క కాస్తా మాట వినడం మానేసింది. తుమ్మితే జారేది, బరువెత్తితే జారేది. అన్నిటికంటే నవ్వితే. నవ్వితే అసలు ఆగేదే కాదు. ఒకసారి పిన్ని ఏదో చేసి చూపిస్తే చెక్క మీద నిలబడ్డ చోటే తడిసిందట. బకెట్ తన్నేసినట్టు నటించి నేలంతా నీళ్లు చేసి తప్పించుకుందట. ఆరోజు నుంచి ఉదయం టీ మానేసింది, మధ్యాహ్నం దాకా నీళ్లు మానేసింది. ఆఖరికి నవ్వు మానేసింది.

"ముగ్గుర్ని కన్నాక ఆడదానికి ఇదంతా మామూలే" అంది.

"మామూలే అయితే దాచుకోవడం దేనికి?" అన్నాను.

ఆవిడ మిగిలిన గుడ్డలు తీసి సంచిలో సర్దుకుంది. నాకు మాత్రం సిగ్గేసింది. ఏడాదిన్నరగా ఆవిడ పక్కనే నిలబడి గీతలు గీస్తూ, ఆవిడ మౌనం నా గురించే అనుకున్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే అదే. పిన్నీ అంతే, తన గురించే అనుకుంది. ఆవిడ ఒంట్లో ఏముందో మాత్రం ఎవరమూ అడగలేదు.

"పిన్నికి చెప్పెయ్యండి" అన్నాను.

"చంపేస్తాను. దాని నోట్లో పడితే నన్ను చేసి చూపిస్తుంది అందరికీ. నువ్వూ నోరు మూసుకుని ఉండు." నా చేత ఒట్టు వేయించుకుంది. నా నోట్లో నువ్వుగింజ నానదని ఆవిడకి తెలుసు, అందుకే రెండుసార్లు వేయించుకుంది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి పది రోజులు పట్టింది. ఆడవాళ్ల డాక్టరు పరీక్షలు చేసి, భయపడాల్సింది ఏమీ లేదని తేల్చి, ఆస్పత్రి మేడ మీద వ్యాయామాలు నేర్పే ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి పంపింది. చిన్నపిల్ల, ముప్పై కూడా ఉండవు. గదిలో ఒక నీలం చాప, నిలువుటద్దం, బల్ల మీద ప్లాస్టిక్ నడుము ఎముకలు. ఆ ఎముకల అడుగున ఎర్రటి గుడ్డ ఒకటి అడ్డంగా కట్టి ఉంది.

"ఇదిగోనమ్మా, ముందు ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా కండరాలు ఇలా ఊయల గుడ్డలాగా పరిచి ఉంటాయి. పైనున్నవన్నీ ఇదే మోస్తుంది. దగ్గినా నవ్వినా పైనుంచి ఒత్తిడి పడుతుంది, అప్పుడు ఇది బిగుసుకోవాలి. మీది వదులైంది."

మా అత్త ఆ గుడ్డని వేలితో నొక్కి చూసింది. "అంటే అడుగు పొర జారిపోయిందన్నమాట" అంది.

"సరిగ్గా అదే! మీరేం పని చేస్తారమ్మా?"

చెప్పింది. రోజుకి ఎనిమిది గంటలు నిలబడతానంది. ఎలా నిలబడతారని అడిగితే చెక్క గురించి గొప్పగా చెప్పింది. ఆ అమ్మాయి రాస్తున్నదల్లా కలం ఆపింది. "మడమలు ఎత్తులోనా? ఈసారి ఆ చెక్క తీసుకురండి" అంది.

మరుసటి వారం మా అత్త చెక్కని దుప్పటిలో చుట్టి ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది. పక్క సీటావిడ ఎన్నో నెల పాప అని అడిగింది. ఇరవై రెండేళ్లు అని చెప్పి కిటికీ వైపు తిరిగింది మా అత్త.

గదిలో ఒక చిన్న యంత్రానికి తీగలున్నాయి. అవి ఎక్కడ అంటించారో అడగకండి. ఆ కండరం బిగిస్తే తెర మీద గీత లేస్తుంది, వదిలేస్తే పడిపోతుంది. "చెక్క ఎక్కండి, రోజూ నిలబడేట్టే. ఇప్పుడు గాలి బయటికి పోకుండా ఆపుకుంటాం చూడండి, అలా లోపలికీ పైకీ లాగండి. పొట్ట బిగించకూడదు, ఊపిరి ఆపకూడదు."

మా అత్త లాగింది. కళ్లు, ముక్కు, చెవులు అన్నీ లాగింది. తెర మీద గీత చీమ తలెత్తినంత లేచింది.

"దిగండి. ఇప్పుడు చెక్కని తిప్పి పెడదాం." వేళ్ల వైపు ఎత్తు వచ్చేలా చెక్కని ముందుది వెనక్కి తిప్పింది ఆ అమ్మాయి. "గోడ పట్టుకుని ఎక్కండి. మడమలు కింద, వేళ్లు పైన. ఇప్పుడు లాగండి."

గీత లేచింది. ఇంకా లేచింది. మా అత్త తెర వంక చూసి, నా వంక చూసి, "ఇది నాదేనా?" అంది. వదిలేసింది, గీత పడింది. మళ్లీ లాగింది, మళ్లీ లేచింది. కొత్తగా లైటు వేయడం నేర్చుకున్న పిల్లలా నాలుగైదు సార్లు వేసి ఆర్పింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నా కళ్లలోనూ తిరిగాయి. ఎందుకు దాచాలి?

ఆ అమ్మాయి నిదానంగా చెప్పింది. "పాదం వాలు మారితే మడమ, మోకాలు, నడుము అన్నీ కొంచెం కొంచెం సర్దుకుంటాయమ్మా. మడమలు ఎత్తి నిలబడితే చాలామందికి ఈ కండరం సరిగ్గా పట్టు దొరక్క వదులుగా ఉండిపోతుంది. వేళ్లు పైకెత్తితే పట్టు తేలిగ్గా దొరుకుతుంది. అందరికీ ఒకేలా ఉండదు, మీకు తేడా బాగా తెలుస్తోంది. అలాగని చెక్క వల్లే వచ్చిందని నేననను. మూడు కాన్పులు, ఆ దగ్గు, అన్నీ ఉన్నాయి. పని చేసేటప్పుడు పాదాలు సమంగా ఉంచండి. వ్యాయామం చేసేటప్పుడు వేళ్లు పైకి. పది లెక్కపెట్టేదాకా బిగించి, పది లెక్కపెట్టేదాకా పూర్తిగా వదిలెయ్యాలి. మూడు నెలలు విడవకుండా చేస్తేనే. నీళ్లు మాత్రం మానకండి. ఇంకొకటి, దగ్గో తుమ్మో నవ్వో వచ్చే ముందు ఒక్కసారి బిగించాలి."

"నవ్వు చెప్పి వస్తుందా డాక్టరమ్మా?"

"మీకు నవ్వు ఎక్కడ మొదలవుతుంది?"

"మా వదిన నోట్లో."

"అయితే ఆవిడ నోరు తెరిచినప్పుడే బిగించండి" అంది ఆ అమ్మాయి.

మామయ్యతో గొడవ వేరే. "పని చోటికి సమంగా ఉండే పీట కావాలి, వాలు వద్దు" అని మా అత్త అడిగితే ఆయన రంపం కింద పెట్టాడు.

"నా చెక్కకేమైంది?"

"డాక్టరు వద్దంది."

"ఏ డాక్టరు? పళ్ల డాక్టరా? నా చెక్క గురించి డాక్టరుకేం తెలుసు?" అని ఆ రోజంతా అలిగాడు. అన్నం కూడా గోడ వైపు తిరిగి తిన్నాడు. మా అత్త చివరికి తలుపు దగ్గరగా వేసి ఆయనకి ఉన్నదంతా చెప్పింది. ముప్పై ఏళ్ల కాపురంలో అది చెప్పడానికి ఆవిడ ఎంత సిగ్గుపడిందో బయట నిలబడ్డ నాకు తెలుసు. వినలేదు, నిలబడ్డానంతే. చాలాసేపటికి మామయ్య బయటికి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా కొలతబద్ద తీసుకున్నాడు. మర్నాటికి పీట తయారు. రెండు పాదాలూ హాయిగా పట్టేంత వెడల్పు, అద్దంలా సమం. ముందువైపు అంచున పాత వాలు చెక్క తిప్పి పెట్టుకోవడానికి గాడి కూడా తొలిచాడు. "వ్యాయామానికి" అన్నాడు, నేల చూస్తూ.

అలా మొదలైంది. పొద్దున టీ ముందు ఒకసారి, మధ్యాహ్నం భోజనం తర్వాత ఒకసారి, సాయంత్రం గంట కొట్టే ముందు ఒకసారి. మా అత్త బల్ల దగ్గర చెక్క తిప్పి పెట్టుకుని, వేళ్లు పైకి, చూపు ఎదర గోడ మీద, పెదవులు కదుపుతూ లెక్కపెట్టేది. మొదటి నెల ఏమీ తేడా లేదు. "ఆ పిల్ల మన చెవిలో పువ్వు పెట్టింది" అంది. రెండో నెల ఒకరోజు తుమ్మింది. తుమ్మి, బొమ్మలా నిలబడిపోయింది. తర్వాత నా వైపు తిరిగి కళ్లు పెద్దవి చేసింది. ఆ రోజు సంచిలో గుడ్డలు ఎన్ని తీసుకెళ్లిందో అన్నీ పొడిగానే తిరిగొచ్చాయి. మూడో నెలకి పద్దెనిమిదిలో పది గుడ్డలు నా వంటింట్లో వేడి గిన్నెలు దించుకోవడానికి పనికొచ్చాయి.

ఇదంతా ఆ చివర నుంచి చూసేవాళ్లకి ఎలా ఉంటుందో మాత్రం మేం ఆలోచించలేదు. ఒకరోజు పిన్ని నన్ను తానుల గదిలోకి లాగింది.

"మీ అత్త రోజుకి మూడుసార్లు నా నెత్తి మీదుగా గోడ మీది క్యాలెండర్ వంక చూస్తూ లెక్కపెడుతోంది. నేనెప్పుడు పోతానా అనే కదా?"

"అయ్యో కాదు పిన్నీ!"

"మరేంటి?"

ఒట్టు గొంతులో అడ్డం పడింది. నా జన్మలో అంతసేపు నోరు మూసుకుని ఎప్పుడూ లేను. పిన్ని నా మొహం చూసి, "నువ్వూ చెప్పవులే, అత్తాకోడళ్లు ఒకటైపోయారు" అని, నేరుగా మాస్టరు దగ్గరికి వెళ్లి, కొత్త భవనానికి వెళ్లే మొదటి జట్టులోనే తన పేరు ఉండాలని కాగితం మీద సంతకం పెట్టింది. ఎల్లుండే బయల్దేరాలి.

ఆ సాయంత్రం అత్తకి చెప్పాను. "ఒట్టూ గిట్టూ నాకు తెలియదు. రేపు మీరు చెప్తారా, నేను చెప్పనా?"

"నేనే చెప్తాను" అంది. మర్నాడు పొద్దున్నుంచీ చెప్పడానికి నోరు తెరవడం, మూయడం. యాభై రెండు పొరలు పడ్డాయి, మాట మాత్రం పడలేదు. ఆ చివర పిన్ని కూడా మూగనోము పట్టినట్టు నడుస్తోంది, వస్తోంది. ఇరవై రెండేళ్ల జత. ఒకరి మొహం ఒకరు చూడకుండానే బట్ట మాత్రం ఒకేసారి లాగుతున్నారు. చూడలేక నేను చాక్ చెక్కుకుంటూ కూర్చున్నాను.

సాయంత్రం మాస్టరు వచ్చాడు. బల్ల చివర పిన్ని పక్కన నిలబడి, చేతులు బట్ట మీద ఆనించి, వీడ్కోలు ఉపన్యాసం మొదలెట్టాడు. క్రమశిక్షణ అన్నాడు. సమయపాలన అన్నాడు. ముక్కు ఎగబీల్చాడు. పిన్ని తల వంచుకుని వింటూ, అలవాటు కొద్దీ చేతులాడిస్తూ పై పొర సర్దింది, క్లిప్పు బిగించింది. మాస్టరు "కనుక ఎక్కడున్నా మనమంతా ఒకటే" అని ముగించి, గంభీరంగా వెనక్కి తిరిగాడు. తిరగలేదు. ఆయన చొక్కా అంచు పొరల మధ్యలో పడి క్లిప్పులో ఇరుక్కుంది. గట్టిగా లాగాడు. యాభై రెండు పొరలూ ఆయన వెంట బయల్దేరాయి.

పిన్ని ఆయన వంక ఎగాదిగా చూసింది. "వెళ్లేది నేను కదా మాస్టారూ, మిమ్మల్నెవరు పట్టుకున్నారు?" అని, ఆయనలాగే ముక్కు ఎగబీల్చింది.

నేను అత్త వంక చూశాను. పిన్ని నోరు తెరిచిన క్షణంలోనే ఆవిడ కాలి వేళ్లు పీట మీద పైకి లేచాయి.

అప్పుడు విన్నాను. ముందు కోడిపుంజు కూతకి ముందు రెక్కలు కొట్టుకున్నట్టు ఒక చప్పుడు, ఆ తర్వాత ఆ గుప్పెడు మనిషిలోంచి అంత పెద్ద నవ్వు. మెట్లెక్కినట్టు ఎక్కింది, పైన ఆగి ఊపిరి తీసుకుంది, మళ్లీ కిందకి దొర్లింది. మా ఆయన కోతలు కొయ్యలేదు. పక్క గదిలో కుట్టుమిషన్లు నిజంగానే ఒకటొకటిగా ఆగాయి. బొత్తాల ముసలామె గుమ్మంలోకి వచ్చి నిలబడింది. క్లిప్పులో ఉన్న మాస్టరు కూడా లాక్కోవడం మానేశాడు.

మా అత్త నవ్వడం ఆపింది. కదలకుండా నిలబడి, లోపల ఏదో విన్నట్టు విని, "ఏం కాలేదు" అంది. మళ్లీ గట్టిగా, "ఏమీ కాలేదే అమ్మాయ్!" అంది.

"ఏం కావాలని?" అంది పిన్ని ఆ చివర నుంచి.

మా అత్త పీట దిగింది. బల్ల పొడుగునా నడిచి ఆ చివరికి వెళ్లింది. బట్ట తాను విడిచి ఆవిడ ఆ చివరికి వెళ్లడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. మునివేళ్ల మీద లేవబోయి, ఆగి, మడమలు నేలకి ఆనించి, పిన్నినే కిందకి వంచి చెవిలో చెప్పింది. పిన్ని మొహం మొదట ముడుచుకుంది, తర్వాత తెల్లబోయింది.

"ఇందుకా? ఏడాదిన్నర ఇందుకా నన్ను చంపావు? ఒసేయ్, నాకు ఆరేళ్ల నుంచీ ఉందే ఇది! బట్ట పట్టుకుని నడిచేటప్పుడు అంత జోరుగా ఎందుకు నడుస్తాననుకున్నావు? త్వరగా ముగించి బాత్రూమ్‌కి పోవాలనే!" అని నెత్తి కొట్టుకుంది. కొట్టుకుంటూనే నవ్వింది. మా అత్తని పట్టుకుని ఇద్దరూ ఊగిపోయారు. పిన్ని కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి, అది ఏడుపో నవ్వో ఆవిడకే తెలిసినట్టు లేదు. ఉన్నట్టుండి మోకాళ్లు దగ్గరికి నొక్కుకుని, "చచ్చాను!" అని బాత్రూమ్ వైపు పరుగెత్తింది.

"వేళ్లు పైకెత్తు వదినా!" అని వెనక నుంచి అరిచింది మా అత్త.

"పరుగెత్తేటప్పుడు ఎలా ఎత్తనే!"

పిన్ని మొహం కడుక్కుని వచ్చేసరికి మాస్టరు క్లిప్పు విడిపించుకుని, చొక్కా సర్దుకుని, చేతిలో కాగితంతో నిలబడి ఉన్నాడు. "ఇంతకీ రేపు వెళ్తున్నట్టేనా?" అన్నాడు. పిన్ని ఆ కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, కొంచెం ఊగుతున్న బల్ల కాలి కింద దోపింది. "మా అన్నయ్యతో నాకూ ఒక చెక్క చేయించు వదినా, నా కొలతకి" అంది మా అత్తతో. తర్వాత నా వైపు తిరిగింది.

"నువ్వు ఇంతకుముందు మీ అత్త నవ్వు వినలేదు కదే?"

"లేదు పిన్నీ. ఇదే మొదటిసారి."

"అయితే ఆ చాక్ పక్కన పెట్టి కూర్చో. మా ఆయన నిన్న కళ్లజోడు కోసం ఏం చేశాడో చెప్తాను."

మా అత్త తన చివరికి వెళ్లి పీట ఎక్కి, కాలి వేళ్లు పైకెత్తి, "చెప్పు వదినా" అంది.